పాతిన గునపం

గోరంతని కొండంత చెయ్యడంలో మా ఊరివాళ్ళు ఎవరికీ తీసిపోరు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తొంభైల చివర, కోనసీమలో మా పెరట్లో కొబ్బరి వలుపు సాగుతోంది. వలిచేవాళ్ళు గునపాన్ని మొన పైకుండేలా నేలలో లోతుగా పాతి, కాయని దానిమీద పొడిచి పైనున్న పీచు డొక్క విడదీస్తారు. ఆ మధ్యాహ్నం ఒక్క కూలీ తప్ప మిగతావాళ్ళు అన్నాలకి వెళ్ళినప్పుడు ఎవడో కొత్త మనిషి మంచినీళ్ళడిగి, అమ్మ మెళ్ళో గొలుసు లాగాడు. ఆ వలుపు కూలీ అడ్డం వెళ్ళాడు. వాడు కత్తి తీసి మీదికి రాగానే ఇతను తోసేశాడు. వాడు వెళ్ళి గునపం మీద పడ్డాడు. నలుగురూ పరుగెత్తుకొచ్చి, గునపం తవ్వి తీసి, వాణ్ణి ఆస్పత్రికి మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. చావు అంటిన ఇనుమని ఎవరో గునపాన్ని పసుపునీళ్ళతో శుభ్రంగా కడిగేశారు.

సాయంత్రానికి టీకొట్లో కథ మారిపోయింది. "గునపం పీకి ఒక్క పోటు పొడిచాడండీ! మగాడంటే ఆడు!" కాలేజీ నుంచి వచ్చిన నేను కూడా, కళ్ళారా చూసినట్టు, బస్టాండులో పదిమందికి అదే చెప్పాను. పొడిచాడంటే ఖూనీ కేసని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఎస్సైకి తట్టింది. మర్నాడే ఆ కూలీని జీపులో మా ఇంటికి తీసుకొచ్చాడు.

"పీకి పొడిచాడని ఊరంతా చెబుతోందండి అమ్మగారూ. పైగా గునపం కడిగేశారు. ఇంక ఆత్మరక్షణేంటండి?"

అతని భార్య మా గుమ్మంలో కూలబడి, "మా ఆయన్ని జైల్లో పెడితే పిల్లలకి దిక్కెవరండీ" అని గుండెలు బాదుకుంది.

పరాయి మగాళ్ళ ముందు గొంతు పెగలని మా అమ్మ కొంగు దోపుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ ఇంకో కూలీ వాడే రెండో గునపం పాతినట్టే ఉంది.

"ఎదురుగా కత్తి ఉందనుకుని ఇది పీకండి బాబూ, చూద్దాం."

కానిస్టేబులు రెండు చేతులా పట్టి ఊపాడు, గుంజాడు, చొక్కా తడిసిపోయింది. గునపం ఊడలేదు.

"అతను పొడవలేదు. వణికిపోతూ తోశాడు. ఎక్కడికి రమ్మన్నా వచ్చి ఇదే చెబుతాను" అంది అమ్మ. అబ్బ, ఆ క్షణాన మా అమ్మని చూసి ఎంత పొంగిపోయానో!

"నువ్వేమంటావయ్యా?" అన్నాడు ఎస్సై.

"భయమేసిందండి. తోసేశానండి."

ఊరంతా పులి అంటుంటే, పెరట్లో మూగిన ఆ ఊరి జనం ముందే భయమేసిందని ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! నాకైతే లేదు.

అమ్మ కోర్టులోనూ అదే చెప్పింది. కేసు కొట్టేశారు. అతను బస్సు దిగేసరికి బంతిపూల దండతో జనం సిద్ధంగా ఉన్నారు. అతను చేతులు జోడించి వెనక్కి జరిగాడు.

"ఓ మనిషి చచ్చిపోయాడు బాబూ. ఆడికీ అమ్మ ఉంటాది కదండీ. దండేంటండి?"

ఆ దండ పట్టుకుని నిలబడ్డది నేనే.