మసక్క నల్ల పూత

ఇంటికి రాగానే మసక్క కూర్చోదు, నేరుగా కుళాయి దగ్గరికి వెళుతుంది. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు వదలదు.

"మళ్లీ బొగ్గుల కొట్టు మూసొచ్చావా?" అంటాడు భర్త. రోజూ అదే మాట. నవ్వే ఓపిక లేక తలూపుతుంది.

అది వట్టి బొగ్గు కాదు, ప్లాటినం అంటిన కార్బన్ పొడి. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ కోసం ఆ పొడిని సిరాలా కలిపి, పల్చటి పొర మీద స్ప్రే చేయడం ఆమె పని. ఆ మసి చూసి ల్యాబ్‌లో అందరూ పెట్టిన పేరే మసక్క.

పొడిని ముందు నీళ్లతో తడిపి, ఆ తర్వాతే ఆల్కహాల్ పోయాలి. తిరగేస్తే భగ్గుమంటుంది. ఆ తప్పు ఆమె ఎన్నడూ చేయలేదు. చేసింది వేరే.

"ఈసారీ సెల్ పవర్ పెరక్కపోతే పూత వేసిన పొరలే బయట కొనేస్తామమ్మా. నిన్ను స్టోర్సుకి పంపక తప్పదు" అని ల్యాబ్ పెద్దసారు ముందే చెప్పారు. తీరా పూత వేసే రోజే కూతురికి జ్వరమని ఇంటినుంచి ఫోన్. పూత త్వరగా ఆరాలని కింద ప్లేటు వేడి పెంచింది. ఆరింది. లెన్సు కింద చూస్తే అంతా బీటలే.

టెస్టింగ్ అమ్మాయి తొంగిచూసింది. "ఏంటక్కా, ఎండిపోయిన చెరువు తెచ్చావ్? వేడి ఎక్కువైందని నేను చెప్పనా సారుకి?"

"నా నిర్వాకం నేనే చెప్పుకుంటాలే."

పెద్దసారు కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నారు. "పొర ఇంకొక్కటే ఉందమ్మా."

కూతురి జ్వరం తగ్గాక ఆ ఒక్కటీ ముందేసుకుంది. చెయ్యెత్తి ఊదినట్టు పల్చగా స్ప్రే చేయడం, దానంతటది ఆరేదాకా నిలబడటం, మళ్లీ చేయడం. సాయంత్రానికి భుజం తనది కాదన్నట్టయింది.

మర్నాడు సెల్ బిగించి కరెంటు లోడు పెంచారు. పాతవన్నీ చతికిలబడ్డ చోటికి వచ్చేసరికి ఆమె మొహం తిప్పేసుకుంది.

"నిలబడిందక్కా!" టెస్టింగ్ అమ్మాయి అరిచింది.

"అది నిలబడితే చాల్లే. నాకో కుర్చీ లాగు."

స్టోర్సుకి పంపలేదు. ఇప్పటికీ పూత ఆమే వేస్తోంది. కుడిచెయ్యి మాత్రం ఆ రోజు నుంచి భుజం దాటి లేవదు. కూతురికి జడ వాళ్ల నాన్నే వేస్తున్నాడు.