మైకు చదివిన మీటరు

వీధిలో అందరూ ఆయన్ని మైకు అంటారు. గ్యాస్ వెల్డింగ్ షెడ్డులో గ్రైండర్ల రొద మీద గొంతు పెంచీ పెంచీ అదే అలవాటైపోయింది. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు పట్టుకొచ్చేంత కేక. "నెమ్మదిగా చెప్తే నాకు వినపడదా?" అని భార్య ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. పైగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమెకు దగ్గు మొదలైనప్పుడు కూడా, "చలిగాలి దగ్గు, అదే పోతుంది" అని తేల్చేశాడు.

పోలేదు. న్యుమోనియా రెండు ఊపిరితిత్తుల్నీ పట్టేసింది. ఇప్పుడామె ఐసీయూలో, గొంతులో గొట్టంతో, మత్తులో ఉంది. ఊపిరి తీయించేది వెంటిలేటరే. బోర్లా పడుకోబెడితే వీపు వైపుకు గాలి బాగా అందుతుందని అలా తిప్పి ఉంచారు. గాజు తలుపు ఇవతలి నుంచి ఆమె ముఖం కూడా కనిపించదు.

కనిపించేదల్లా మిషను తెర. అందులో ఆక్సిజన్ అన్నచోట ఒక నంబరు. ఆక్సిజన్ అంటే ఆయనకు ఇన్నేళ్లూ అన్నం పెట్టిన గ్యాసు. ఇక ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాడు.

"సిలిండర్ మీటరు లాంటిదేనమ్మా. పెరిగితే మంచిది, తగ్గితే ప్రమాదం" అని కూతురికి పాఠం చెప్పాడు.

నిన్న పొద్దున ఎనభై ఉన్న నంబరు సాయంత్రానికి అరవైకి దిగింది. "గ్యాస్ అయిపోతోంది! సిలిండర్ మార్చండ్రా!" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "అరవకండి బాబాయ్! అది మిగిలిన గ్యాస్ కాదు, మేమిస్తున్న గాలిలో ఆక్సిజన్ శాతం. పిన్నిగారు కాస్త కోలుకున్నారు కాబట్టే తగ్గించాం. ఎంత తగ్గితే అంత మంచిది."

మైకు నాలుక కరుచుకున్నాడు. తర్వాత వరండాలో గోడవైపు తిరిగి సంతోషంతో ఏడ్చాడు. కూతురికి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. ఇంతటి మేస్త్రీకి మీటరు చదవడం రాదా అని నవ్వుతుందని సిగ్గుపడ్డాడు. "అమ్మకి బాగుందట" అని ఊరుకున్నాడు.

ఈ పొద్దున కూతురే ముందు వెళ్లి చూసింది. వరండాలోకి పరుగున వచ్చి తండ్రి చేతులు పట్టుకుంది.

"నాన్నా! తొంభై! తొంభైకి పెరిగింది! అమ్మ వచ్చేస్తుంది నాన్నా!"

ఆ పిల్ల ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. ఆయన ఆమె భుజం మీదుగా గాజు తలుపు వైపు చూశాడు. లోపల మంచం చుట్టూ డాక్టర్లు మూగి ఉన్నారు. నిన్నటి నర్సు ఆయన్ని చూసి తల దించుకుంది. జరిగింది ఆయనకు అర్థమైపోయింది. కూతురేమో అప్పుడే ఫోను తీసింది, మేనత్తకు శుభవార్త చెప్పడానికి.

ఆయన ఫోను మీద చెయ్యి పెట్టాడు. పెదవులు కదిలాయి.

"ఏంటి నాన్నా? గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

పుట్టి బుద్ధెరిగాక తండ్రితో ఆ మాట అనడం ఆ పిల్లకు అదే మొదలు.

"నీకు తప్పు నేర్పానమ్మా" అన్నాడాయన. "అది పెరగకూడదు."