మూడు నిమిషాల రీలు

ఉయ్యూరు హైస్కూల్లో పిల్లలకు సినిమా తీయడం నేర్పి, ఒక్క మాట లేకుండా కథ చెప్పే విద్యను జిల్లాకే పరిచయం చేసినవాణ్ణి నేను.

డెబ్బైల నాటి సంగతి. మా దగ్గరున్నది అరువు కెమెరా, మూడు నిమిషాల రీలు. చెరుకు బండి తోలే వాళ్ల నాన్నను తెరమీద చూడాలని ఒక అమ్మాయి స్క్రీన్‌ప్లే రాసింది. రేడియోలో సినిమాలు విని పెరిగిన పిల్ల కదా, కంటికి కనిపించేదంతా పాత్రల చేత చెప్పించింది: "అదుగోనే, నాన్న బండి వచ్చేస్తంది!" మాటలన్నీ కొట్టేయించాను. పొగమంచులోంచి, చక్కెర ఫ్యాక్టరీ తీపి వాసనలోంచి, ఆ బండి కలలోలా తేలుతూ వచ్చింది.

ఒప్పుకుంటాను, అది నా కళాదృష్టేమీ కాదు. ఆ కెమెరా శబ్దం పట్టదు, అంతే.

ఇప్పుడు అమ్మమ్మ అయిన ఆ అమ్మాయికి మొన్న నేను రాసిన ఈ జ్ఞాపకం చదివి వినిపించాను.

"ఆ మాటలు కొట్టేసింది నేనండీ మాస్టారూ, నాన్న వచ్చేలోపే రీలు అయిపోద్దని. మీరైతే ఇంకో రెండు పేజీల డైలాగులు పెంచమన్నారు."