గోదావరి రేవులో మూడో సూత్రం

మా వియ్యపురాలిని నేను గోదావరిలోకి తోశానని పినపాక నుంచి మణుగూరు దాకా చెప్పుకున్నారు. నేను తోయలేదు. నా చెయ్యి ఆమె కొంగుకైనా తగల్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నాకు యాభై నిండాయి గానీ, చదువులో మాత్రం అప్పుడే మీసాలు మొలుస్తున్నాయి. నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. మావాడు చిత్తుకాగితాల కింద అమ్మబోయిన హైస్కూలు భౌతికశాస్త్రం లాక్కుని, చెప్పేవాడు లేకుండానే చలన సూత్రాలు మూడూ కంఠతా పట్టాను. ఇక ఆగుతానా! బస్సు బ్రేకు వేస్తే మొదటి సూత్రం, ఎడ్లబండి నెడితే రెండోది. మూడోదాన్ని మాత్రం కళ్లారా చూసే అదృష్టం ఇంకా పట్టలేదు. (గోడను గుద్ది చూశాను. నొప్పి తెలిసింది గానీ గోడ కదల్లేదు.)

మావాడి పెళ్లయిన నెలకు వియ్యపురాలు మొదటిసారి మా ఇంటికి బయల్దేరింది. మర్యాదగా అవతలి ఒడ్డుకు వెళ్లి, అరిసెల గంపతో సహా ఆమెను నాటుపడవ ఎక్కించాను. మా రేవుకు పడవ ముక్కు తగిలీ తగలగానే ఉత్సాహం పట్టలేక ఒడ్డుకు దూకాను. అంతే! పడవ సర్రున వెనక్కి పోయింది, అచ్చం పుస్తకంలో చెప్పినట్టే! దిగబోతూ కాలెత్తిన వియ్యపురాలు మోకాలి లోతు నీళ్లలో చతికిలబడింది. గంప తేలింది, అరిసెలు తేలలేదు. నేను చెయ్యి అందించాల్సింది. అందించకుండా గంతులేస్తూ, "చూసిండ్రా! చర్య, ప్రతిచర్య!" అని అరిచాను.

"తాడు కట్టకముందే గా దుంకుడేంది పెద్దాయనా!" అని పడవాయన తిట్టాడు.

"నన్ను నూకి పైకెళ్లి ఎగురుతుండు సూడు!" అంది వియ్యపురాలు. తప్పొప్పుకునేదాకా మా గడప తొక్కనని, తడి చీరతోనే అదే పడవలో తిరిగి వెళ్లిపోయింది.

కోడలు ముఖం ముడుచుకుంది. మా ఆవిడ, "తప్పయిందని ఒక్క ముక్క రాస్తే ఏం బోతది?" అంది. "తప్పు నాదేందే? ప్రకృతిది!" అని, బాణం గుర్తులతో పడవ బొమ్మలు గీసి మూడు ఉత్తరాలు రాశాను. ఇది అప్పటికప్పుడు అల్లిన సాకు కాదని, దూకితే పడవ వెనక్కి పోతుందని ఏడాది కిందటే నోటుపుస్తకంలో రాసుకున్నానని, ఆ పేజీ కూడా చించి పంపాను. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఒడ్డు మీద గంతులేసిన ఆ యాభై ఏళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. రెండు నెలలకు జవాబొచ్చింది:

"అన్నయ్యగారూ, మీ ఉత్తరాలు బొమ్మలతో సహా చదివిన. సూత్రం మంచిగ సమజైంది. మీరు నూకలేదు, ఒప్పుకుంటున్న. మరి పడవ ఎనక్కి పోతదని ఏడాది ముందే ఎరుకైనోళ్లు, నన్ను ముందుగాల ఎందుకు దింపలేదు?"