యాభై పాయింట్ల దాకా ఆదిలక్ష్మి

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, మెట్ల కింద మిషను వేసుకుని ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది ఆదిలక్ష్మి. చదువు ఐదో తరగతి. మనిషిని చూస్తే చాలు, టేపు పట్టకుండానే భుజం కొలత చెబుతుంది. ఈ మధ్య ఫోనులో కుట్టుపనివాళ్ల చర్చా వేదికలో చేరింది. చేరినందుకు ఒకటి, చెప్పిన జవాబు ఎవరికైనా నచ్చితే పది, అలా పాయింట్లు ఇస్తారు. ఆమెకున్నవి పదకొండు.

ఆ రోజు పొద్దున ఒక ప్రశ్న చూసి ఆమె కాలు మిషను మీదే ఆగింది. మహిత అనే అమ్మాయి రాసింది: "మా అమ్మ పోయింది. తన పెళ్లిచీర జాకెట్టు ముక్క ఒక్కటే నా దగ్గరుంది, పట్టుది. కోసే ముందు తడపాలా?" దానికి కమలాకుమారి గారి జవాబు: లైనింగుతో కలిపి ఉప్పునీళ్లలో గంటసేపు నానబెట్టండి. ఆవిడకు పన్నెండు వేల పాయింట్లు, పేరు పక్కన బంగారు గుర్తు. సరేనండీ, మధ్యాహ్నం రెండింటికి నానబెడతానంది మహిత.

లైనింగు నానాలి, నిజమే. పాత పట్టు నానితే రంగు దిగి జరీ నల్లబడుతుంది. ఆ మాట రాయబోతే ఫోను రాయనివ్వలేదు.

అప్పుడే జాకెట్టు కోసం నర్మద వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్ల. ఫోను తీసుకుని చూసింది.

"ఒకలు జవాబు చెప్పిన ప్రశ్నకు, యాభై ఉంటెనే ఇంకోలను రాయనిస్తరంట అక్కా. కటాఫ్ అన్నట్టు."

"నేను మంచి ముచ్చటే చెప్తున్న గద."

"వాళ్లకేం ఎర్క? ఒక పని చేద్దాం. మా హాస్టల్ల నలుగురితోని లైకులు కొట్టిస్త."

"వాళ్లకు సూదిల దారం ఎక్కియ్యనీకి వస్తదా?"

"రాదు."

"మరి వాళ్లు మెచ్చితె నాకేం ఒరుగుతది? జర కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు."

చంక దగ్గర ముడత, జారే వీపు, వంకరపోయిన హుక్కుల పట్టీ. ఇంకా ఎవరూ జవాబివ్వని ప్రశ్నకల్లా జవాబు చెప్పింది. పన్నెండున్నరకు నలభై ఒకటయ్యాయి. ఒంటిగంట దాటినా అక్కడే నిలిచాయి. నర్మద గోళ్లు కొరుకుతోంది. ఆదిలక్ష్మి నిమ్మకు నీరెత్తినట్టు కాజాలు కుడుతోంది. ఒకటిన్నరకు వీపు జారే జాకెట్టామె, భుజం పావంగుళం లోపలికి పిన్ను పెట్టి చూశాను, నిలిచిందని మెచ్చుకుంది. యాభై ఒకటి.

"అమ్మా, పట్టు తడపకండి. లైనింగు ఒక్కటే తడపండి" అని రాయించింది.

మహిత వెంటనే జవాబిచ్చింది: "మీకు యాభై ఒకటి, ఆవిడకు పన్నెండు వేలు. ఎవరి మాట వినను?"

నర్మదకు ఒళ్లు మండింది. ఆదిలక్ష్మికి మండలేదు. పోయినవాళ్ల గుడ్డ చేతిలో పట్టుకున్న మనిషి ఎంత భయపడుతుందో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

"ఇద్దర్ని నమ్మకుమని రాయి," అంది. "అంచుకెళ్లి ఒక్క పోగు లాగి, తడి తెల్లగుడ్డల వెట్టి నొక్కి చూడుమను."

పది నిమిషాలకు ఫోటో వచ్చింది. తెల్ల రుమాలు మీద సన్నగా కుంకుమ రంగు గీత. కింద ఒకటే మాట: "తడపను."

సాయంత్రంలోపే కమలాకుమారి గారు తన జవాబు కొట్టేసి దిద్దారు: "పాత పట్టని చూసుకోలేదు. ఆదిలక్ష్మి గారు చెప్పిందే చేయండి."

"ఎనభై దాటినయి అక్కా. ఇగ నువ్వు గూడ పెద్దమనిషివే," అంది నర్మద.

"గదంత సరె గని, చెయ్యి లేపు. మల్ల కొలవాలె. చదివి చదివి సగమైనవ్."