గేటు బయట నీళ్ళు తాగిన మనిషి

దయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. కృష్ణగిరిలో మా మేనత్త, మామిడికాయల మండీ వెనక ఇంట్లో అటక మీద ఎవరో నడుస్తున్నారని ఏడిస్తే, ఎలుకలబోను పెట్టుకోమని చెప్పినదాన్ని నేను. ఆమె నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. నేను చెప్పబోయేదాంట్లో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే దీన్ని ఏమనాలో కూడా నాకు తెలియదు.

ఎనభైల మొదట్లో నేను హోసూరులో ఒక రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. గేటు పక్కనే చిన్న గది నాది. ఫోన్ ఎత్తడం, బయటి నుంచి వచ్చినవాళ్ళను లోపలికి పంపడం, వాళ్ళు తిరిగి పోయేదాకా లెక్క చూడటం నా బాధ్యత. నాకు తోడు వాచ్‌మన్ చిన్నప్ప. మీసాలు చూస్తే భయం వేస్తుంది గానీ, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆయన గొంతే ముందు వణికేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. లోపల ఎప్పుడూ రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరి. ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా తగలబడుతుంది. మా పక్క పల్లెల్లో అప్పుడు చెప్పులంటే టైరు ముక్కకు ఇనప మేకులు కొట్టినవే. సిమెంటు నేల మీద మేకు రాసుకుంటే రవ్వ లేస్తుందని, బయటివాళ్ళు ఎవరైనా సరే గేటు బయట చెప్పులు విడిచి రావాలి. పల్లెవాళ్ళు గుడికి వచ్చినట్టు మారుమాట లేకుండా విడిచేవాళ్ళు. బెంగళూరు నుంచి బూట్లేసుకుని వచ్చే సేల్స్ వాళ్ళకే అవమానంగా ఉండేది. పాపం, మేజోళ్ళ చిల్లులు బయటపడేవి.

బయటివాళ్ళ లెక్కకు కూడా ఆ చెప్పులే ఆధారం. సైరన్ మోగితే అందరూ బయటికి వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్ళు నిలబడాలి. ఏ జతైనా ఖాళీగా మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు.

అయితే మా వైపు ముసలివాళ్ళలో, అందులోనూ గొర్రెలు మేపే ఇళ్ళ ఆడవాళ్ళలో, చెప్పులే వేసుకోనివాళ్ళు చాలామంది. వాళ్ళ దగ్గర వక్కాకు తిత్తి తీసి పెట్టుకునేవాళ్ళం. ఆకూ వక్కా సున్నం దాచుకునే చిన్న గుడ్డసంచి అది. ఆ ఆలోచన చిన్నప్పదే. మనిషి దేన్ని మరిచిపోయినా తిత్తిని మరిచిపోదని ఆయన నమ్మకం.

ఆ రోజు మునెమ్మ వచ్చింది. రంగులు కలిపే మిక్సింగ్‌లో పనిచేసే వెంకటప్ప తల్లి. కల్లావి దగ్గర పల్లె. కృష్ణగిరిలో బస్సు మారి వచ్చింది. భుజాన నల్ల కంబళి, ముంజేతుల నిండా పచ్చబొట్లు, ఒట్టి కాళ్ళు. కోడలు పుట్టింట్లో ప్రసవించిందట. వెంకటప్పకు ఆ కబురు చెప్పాలని వచ్చింది.

"మనవరాలు పుట్టింది పాపా! వాడికి నేనే చెప్పల్ల. నువ్వు ముందే చెప్పేవు!" అని నన్ను బెదిరించింది.

చిన్నప్ప తిత్తి అడిగితే ఒప్పుకోలేదు. "ఆకు లేకుంటే నోట్లో ఏమి నమలల్లప్పా, నీ మీసమా?" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. చివరికి ఇచ్చింది. చిన్నప్ప దాన్ని గేటు బయట చెప్పుల వరస చివర మేకుకు తగిలించాడు. అది నా కళ్ళముందే జరిగింది. వెంకటప్ప భోజనం గంటకు గానీ బయటికి రాడు కాబట్టి, క్యాంటీన్ పక్కన కూర్చోమని ఆమెను పంపించాను.

భోజనం గంట ఇంకా కొట్టలేదు. పెద్ద చప్పుడైంది. నా గది కిటికీ అద్దం పగిలి బల్ల మీద పడింది. క్యాంటీన్ వెనక థిన్నర్ షెడ్డు అంటుకుంది. సైరన్ మోగింది. నల్లటి పొగ లేచి నిమిషాల్లో ఎండ కనిపించకుండా చేసింది. అందరూ గేటు బయటికి పరుగెత్తారు.

నా పని నేను చేశాను. చెప్పుల వరస దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చి కాళ్ళు దూర్చుకుని పక్కకు పోయారు. ఒక్క జత కూడా మిగల్లేదు. మేకుకు తిత్తి మాత్రం వేలాడుతోంది.

మునెమ్మ కోసం చుట్టూ చూశాను. కనిపించింది. రోడ్డు పక్క మురుగుకాలవ మోరీ గట్టు మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉంది. పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. చిన్నప్ప కూడా చూసి, "అదిగో, నీ ముసలామె ఆడుండాది సరోజమ్మా" అన్నాడు.

గేటు దగ్గరి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని, తిత్తి తీసుకుని పోయాను. ఆమె దోసిలి పట్టింది. నేను పోశాను. గటగటా తాగింది, మోచేతుల వెంట కారిపోయాయి. తిత్తి చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళు నాకు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. "ఈడే కూర్చో అవ్వా, కొడుకు వస్తాడు" అన్నాను. ఆమె నన్ను అలాగే చూసింది. అంత గలగలా మాట్లాడిన మనిషి నోరు మెదపకపోతే, భయపడింది కాబోలనుకున్నాను.

తిరిగి వచ్చి మేనేజరుకు చెప్పాను, బయటివాళ్ళు అందరూ వచ్చేశారు, ఎవరూ లోపల లేరని. ఆయన పనివాళ్ళ లెక్క కూడా సరిపోయిందని తెలుసుకుని, ఇక ఎవరూ లోపలికి పోవద్దని గేటు మూయించాడు. తాళం వేసింది చిన్నప్పే. ఫైరింజన్ ఇంకా రాలేదు.

అప్పుడు వెంకటప్ప వచ్చాడు. ముఖమంతా మసి.

"మాయమ్మ యాడ సరోజమ్మా? వచ్చిందని క్యాంటీన్ వాళ్ళు చెప్పినారు."

మోరీ వైపు చెయ్యి చూపించాను. గట్టు మీద ఎవరూ లేరు.

టీ అంగడి చూశాడు. బస్సు ఆగే చోట చూశాడు. గుంపులో ప్రతి మనిషినీ అడిగాడు. నేను అతని వెనకే తిరిగాను. "బయటే ఉంది వెంకటప్పా, నా చేత్తో నీళ్ళు పోశాను" అని ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చిన్నప్ప కూడా చూశానని ఒట్టు వేశాడు. వెంకటప్ప గేటు వైపు తిరిగాడు. మేనేజరు అడ్డం వచ్చి, ఆమె బయట ఉందని ఇద్దరు చెప్తుంటే ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని కేకలేశాడు. నలుగురు పట్టుకున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. చొక్కా పట్టుకుని లాగాను.

"మీరు చూసినారు. నేను చూడలేదు" అన్నాడు వెంకటప్ప. విదిలించుకుని పక్క గోడ ఎక్కి లోపలికి దూకాడు.

ఆ తర్వాత గడిచిన సమయం ఎంతో చెప్పలేను. గోడకు ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాను. అతని మీద కోపం కూడా వచ్చింది. అంత చెప్పినా నా మాట వినలేదే, లేని మనిషి కోసం చచ్చిపోతాడే అని.

వెంకటప్ప తల్లిని భుజాన వేసుకుని వచ్చాడు.

క్యాంటీన్ పక్కన ఖాళీ గోనెసంచులు పడేసే గది ఉంది. ప్రయాణం అలసటకు ఆమె ఆ గోనెల మీద పడుకుందట. చప్పుడుకు బయటి డ్రమ్ములు దొర్లి తలుపుకు అడ్డం పడ్డాయి. వెంకటప్ప వాటిని ఒక్కడే తోశాడు. చేతుల చర్మం ఊడింది. ఆమెకు స్పృహ లేదు, ఊపిరి మాత్రం ఆడుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని తర్వాత డాక్టరు అన్నాడు.

ఆమె నడుము దగ్గర చీరకుచ్చిళ్ళలో వక్కాకు తిత్తి దోపి ఉంది. చిన్నప్ప దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

మేనేజరు నన్ను గట్టిగానే అడిగాడు. వేరే ముసలామెను చూసి పొరబడ్డావన్నాడు. చిన్నప్ప అసలు తిత్తి తీసుకోవడమే మరిచిపోయాడన్నాడు. మరి మేకుకు వేలాడింది ఏమిటి? పోనీ, ఆమె బయటికి వచ్చి, నీళ్ళు తాగి, కొడుకును వెతుక్కుంటూ మళ్ళీ లోపలికి పోయిందనుకుందాం. నేనూ చాలా రోజులు అదే పట్టుకుని వేలాడాను. కానీ డ్రమ్ములు మొదటి చప్పుడుకే దొర్లాయని క్యాంటీన్ వంటాయన చెప్పాడు, పారిపోతూ వాటిని దాటుకునే వచ్చాడట. ఆ తర్వాత ఆ తలుపు గుండా ఎవరూ రావడానికీ లేదు, పోవడానికీ లేదు.

ఉద్యోగం తీసేయలేదు. కానీ క్యాంటీన్‌లో నేను కూర్చుంటే పక్క బల్ల ఖాళీ అయ్యేది. చూడనిది చూశానని చెప్పి ఒక మనిషిని చంపబోయింది అనే మాట నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండింది. నేను చూడనిది చూశానని చెప్పలేదు. నీళ్ళు కారిన ఆ మోచేతులు ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

కొన్నాళ్ళ తర్వాత అరటిపండ్లు కొనుక్కుని ఆస్పత్రికి పోయాను. పరామర్శ అనేది పైకి మాత్రమే. మోరీ మీద కూర్చున్నానని ఆమె నోటి నుంచి ఒక్క మాట వినాలి, అంతే. ఆ మాట చాలు, నేను తలెత్తుకుని పనికి పోవచ్చు.

మునెమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. వెంకటప్ప చేతులకు కట్లతో పక్కనే ఉన్నాడు. నన్ను చూడగానే ఆమె చెయ్యి చాపింది. నేను ఇంకా ఏమీ అడగలేదు.

"ఆ పొగలో నువ్వు వచ్చినావు పాపా" అంది. పొగకు గొంతు పూర్తిగా పోయి, గాలే మాటగా వస్తోంది. "దోసిట్లో నీళ్ళు పోసినావు. తిత్తి చేతిలో పెట్టినావు. ఈడే కూర్చో అవ్వా, కొడుకు వస్తాడు అన్నావు. అంతా చేసినావు. తలుపు తీయకుండా ఎందుకు పోయినావు?"

కూర్చో, కొడుకు వస్తాడు అన్న ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మేనేజరుకు కాదు, చిన్నప్పకు కాదు, మా ఇంట్లో కూడా కాదు.

"నేను లోపలికి రానే లేదవ్వా" అన్నాను.

"వచ్చినావు" అంది. కోపం లేదు ఆమెకు. ఎందుకు తీయలేదో తెలుసుకుందామని అడుగుతోంది, అంతే. వెంకటప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అరటిపండ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆమెను చూడటానికి ధైర్యం చాలలేదు. బాగైంది, ఊరికి పోయింది, మనవరాలిని ఎత్తుకుని తిరుగుతోందని తర్వాత విన్నాను.

నేను మోరీ దగ్గర ఉన్నాను. ఆమె గదిలో ఉంది. రెండూ నిజమే, రెండూ కలవవు. చదువుకున్నవాళ్ళను అడిగాను, పూజారిని కూడా అడిగాను, ఒకరికొకరు సంబంధం లేకుండా చెప్పారు, ఏదీ నా మనసుకు ఎక్కలేదు. ఆస్పత్రిలో మాత్రం నేను లోపలికి రాలేదని అంత గట్టిగా అన్నాను కదా. ఆ మాట ఇప్పుడు అనమంటే అనలేను.