అంట లేని సుద్ది

ఓబులమ్మ రెండు పార్టీల దగ్గరా చీరలు తీసుకుందంట. ఈ మాట సౌదీలోని తబూక్‌లో పుట్టిందని కొందరు, రియాద్‌లో మలాజ్‌ దగ్గర పుట్టిందని కొందరు అంటారు. ఎక్కడ పుట్టినా బాగానే ఎదిగింది. తబూక్‌లో ఉన్నప్పుడు అవి పార్టీకొకటి చొప్పున నూలు చీరలు. మలాజ్‌ చేరేసరికి పట్టుచీరలయ్యాయి. జెద్దాలో వాటికి బట్టలుతికే మిషను తోడైంది. దమ్మాంలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ అయితే ఆ మిషను రంగు కూడా చెప్పింది.

ఈ సంగతి అందరికన్నా చివర తెలిసింది ఓబులమ్మకే. అప్పుడామె అభాలో తాను పనిచేసే సౌదీ వాళ్ల వంటగదిలో ఉల్లిపాయలు వేయిస్తోంది. ఫోనులో అంతా విని, గరిటె పక్కన పెట్టి, "ఆ మిషనుకు తలుపు ముందరుందా, పైనుందా?" అని మాత్రం అడిగింది.

ఓబులమ్మది రాయచోటి వైపు ఎర్రబండపల్లె. ఆ పల్లెలో ఇంటికొక ఆడమనిషి సౌదీలో వంటో, ఇంటిపనో చేస్తోంది. అందరికీ సెలవు దొరికినా దొరక్కపోయినా, శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇళ్ల యజమానురాళ్లైన మదాంలు కాస్త నడుం వాలుస్తారు. అప్పుడు వంటగదుల్లో ఫోన్లు మోగుతాయి. ఊరి సంగతులు ఒకరి నుంచి ఒకరికి పోతాయి. పోతూ పోతూ మారిపోతాయి. ఒకసారి ఇలాగే ఎవరి మేనమామకో వచ్చిన జ్వరం తబూక్ చేరేసరికి చావైపోయింది. అక్కడ పనిచేసే నస్రీన్ తన మామే పోయాడనుకుని మదాం ముందే కూలబడి ఏడ్చింది. మరునాడు ఆ మామే ఫోన్ చేసి, "ఏమ్మా, నేను పోయినానని అందరికీ చెప్పినావంట, నాకు మాత్రం చెప్పలేదే?" అని నిష్ఠూరమాడాడు.

ఆ దెబ్బతో ఓబులమ్మ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. పేరు 'సుక్రారం సుద్దులు', అంటే శుక్రవారం కబుర్లు. చదవడం రానివాళ్లే ఎక్కువ గనక అంతా గొంతుతోనే. వారమంతా ఊరికి ఫోన్లు చేసి అడిగి, శుక్రవారం ఒక్కసారి చెప్పేది. దానికి ఆమె పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. కళ్లతో చూసినవాళ్లు చెప్పిన దానికి 'అంట' ఉండదు. విన్నవాళ్లు చెప్పిన దానికి 'అంట' ఉంటుంది. విన్నవాళ్ల దగ్గర విన్నవాళ్లు చెప్పింది అసలు చెప్పదు. "గేదె ఈనింది" అంటే ఈనినట్టే. "పెండ్లి కుదిరిందంట" అంటే ఇంకా చీరలు కొనొద్దని అర్థం. ఆడవాళ్లందరికీ ఈ లెక్క అలవాటైపోయింది. ఏ అనుమానం వచ్చినా, "ఓబులక్క అంట అనిందా, అనలేదా?" అని అడిగేవాళ్లు.

పంచాయతీ ఎన్నికలు వచ్చేదాకా అంతా సవ్యంగానే నడిచింది.

సర్పంచి భూషణం మళ్లీ నిలబడ్డాడు. ఆయన గుర్తు ఉంగరం. ఎదురు నిలబడినవాడు మహబూబ్ సుభాని. ఆయన గుర్తు కత్తెర. ఎర్రబండపల్లె పొయ్యిలన్నీ సౌదీ వంటగదుల మీద వెలిగేవే గనక, సౌదీలోని ఆడవాళ్లు ఫోనులో ఏ గుర్తు చెబితే ఊళ్లో వాళ్ల ఇంటి ఓట్లు దాని మీదే పడతాయి. అందుకని ఇద్దరి కళ్లూ శుక్రవారం సుద్దుల మీదే ఉన్నాయి. తన ఇంటికి కుళాయి వేయించాడని నస్రీన్ ఉంగరం వైపు. మలాజ్‌లో పనిచేసే రహమత్బీ కత్తెర వైపు. సుభాని ఆమెకు తమ్ముడి వరస.

సరిగ్గా అప్పుడే ఊళ్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మొదట పడిపోయింది ఓబులమ్మ మనవరాలే. ఓబులమ్మ కూతురు ఉమాదేవిని ఆ ఊళ్లోనే ఇచ్చారు. ఆమె పాపను ఆసుపత్రిలో చేర్చి, సెలైను ఎక్కిస్తుంటే పక్కనే కూర్చుంది. తరువాత వీధికొక పిల్ల చొప్పున పడుతూ వచ్చారు.

నీళ్ల ట్యాంకులో కోతి పడి చచ్చిందని కత్తెర వాళ్లు చెప్పారు. సుభాని స్వయంగా ఎక్కి కళ్లారా చూశాడట. కోతీ లేదు ఏమీ లేదు, నెలనెలా ట్యాంకు కడిగిస్తున్నామని ఉంగరం వాళ్లు చెప్పారు. భూషణం స్వయంగా ఎక్కి దగ్గరుండి కడిగించాడట.

ఓబులమ్మ శుక్రవారం జాగ్రత్తగా చెప్పింది. "ట్యాంకులో కోతి పడిందంట. పడలేదంట. కడగలేదంట. కడిగినారంట."

ఒక్క నిమిషమైనా గడవకముందే నస్రీన్ మాట్లాడింది. "ఏందక్కా, చచ్చిన కోతిని ముందర చెప్పి, కడిగింది కడాన చెప్తే ఎట్ల? ముందర చెప్పింది మనసులో పడిపోతాది గదా!"

"కడాన చెప్పింది గుర్తుంటాదమ్మీ, ముందర చెప్పింది మర్సిపోతారు" అని రహమత్బీ అందుకుంది. "ఓబులా, కళ్లారా చూసినాడు మా తమ్ముడు. కళ్లతో చూస్తే అంట ఉండదని నువ్వే అంటివి. తీసెయ్ ఆ అంటను!"

"భూషణన్న గూడా చూసినాడు. ఆయన అంట గూడా తీసెయ్!"

"ఇద్దరిదీ తీస్తే కోతి ఉండాది, కోతి లేదు అని చెప్పాల్నా? నన్ను పిచ్చిదంటారే" అంది ఓబులమ్మ.

మరుసటి వారం వరస మార్చి చెప్పింది. ఈసారి గొడవ గొంతు మీదికి వచ్చింది. "మా అంటకేమో దీర్ఘం తీసినావు, ఆ కత్తెరోళ్ల అంటను గుటుక్కున మింగేసినావు" అని నస్రీన్. "దగ్గినావు ఓబులా. కోతి అనే కాడ దగ్గినావు. ఆ దగ్గుకు అర్థమేంది?" అని రహమత్బీ. ఆ మూడో వారం ఓబులమ్మ దగ్గకుండా ఉండడానికి మిరియాల కషాయం తాగి, రెండు 'అంట'లూ ఒకే పొడవు వచ్చేలా వంటగదిలో అంట్లు కడుగుతూ సాధన చేసింది. ఆమె తనలో తాను "అంట, అంట" అనుకుంటూ ఉంటే మదాం వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్లింది.

సుద్దులు ఇంత సమానంగా ఎప్పుడూ రాలేదు. పాప మాత్రం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

అభా కొండల మీద కోతులు గుంపులుగా తిరుగుతాయి. మన కోతుల్లా కాదు. కుక్కంత ఎత్తు, కుక్కలాంటి మూతి, మెడ చుట్టూ బూడిద రంగు జూలు. ఒకరోజు అలాంటిది ఒకటి ప్రహరీ గోడెక్కి, మదాం ఆరేసిన ఖర్జూరాల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఓబులా! కిర్ద్! కిర్ద్!" అని మదాం కేకలు. అరబ్బీలో కోతిని కిర్ద్ అంటారు. ఓబులమ్మ చీపురు తీసుకుని పరుగెత్తింది. కొట్టే ముందు, పాప చూసి నవ్వుతుందని ఒక ఫొటో తీసి కూతురికి పంపింది. కంగారులో అది కూతురికి కాక గ్రూపులోకి పోయింది. అడుగున ఆమె గొంతు: "చూడు నాయనా, కోతి ఎట్ల కూచోనుండాదో!"

రెండు రోజుల్లో ఎర్రబండపల్లె బస్టాపు దగ్గర పెద్ద ఫ్లెక్సీ లేచింది. 'కోతి క్షేమం! అబద్ధాల కత్తెరకు బుద్ధి చెప్పండి!' ఒకవైపు చేతులు జోడించిన భూషణం, ఇంకోవైపు ఖర్జూరాల పళ్లెంతో అభా కోతి. జూలు చూసి అది శాలువా అనుకున్న ముసలివాళ్లు ఈ కొత్త నాయకుడు ఎవరని అడిగారు. కత్తెర వాళ్లు ఊరుకుంటారా? ఇది మన ఊరి కోతి కాదని, దొంగ ఓటు వేయించడానికి పక్క మండలం నుంచి దించారని మైకులో చెప్పారు.

ఫ్లెక్సీ ఫొటో ఓబులమ్మ ఫోనుకు వచ్చింది. శుక్రవారం దాకా ఆగకుండా అప్పుడే గ్రూపులో మాట్లాడింది. "తల్లీ, తప్పు నాదే. ఫొటో గ్రూపులో పడింది నా చేతిలోనించే. అది మా మదాం గోడ మీది కోతి. దానికి మన ఊళ్లో ఓటు లేదు, ఇల్లు లేదు."

నస్రీన్ విడిగా ఫోన్ చేసింది. "అక్కా, ఒక్క మాట. మదాం గోడ మీదిదంట అని చెప్పు. చాలు."

"నేను తీసిన ఫొటోనే! ఇప్పుడు గూడా ఆ గోడ మీదనే కూచోని నన్ను చూస్తాండాది!"

"ఉంటే ఉండనీలే అక్కా. న్యాయమంటే అందరికీ ఒకటే గదా. కత్తెరోళ్ల మాటకు అంట పెట్టినావు, మా మాటకు అంట పెట్టినావు. నీ మాటకు నువ్వు పెట్టుకోకపోతే అది పచ్చపాతం."

ఓబులమ్మ కిటికీలోంచి కోతిని చూసింది. కోతి ఒక ఖర్జూరం గింజ ఉమ్మింది. ఇన్ని వారాలు తాను అంటలను తూకం వేస్తూ కూర్చుంది గానీ, ట్యాంకులో ఏముందో ఓట్లతో పని లేనివాళ్లను ఒక్కరినీ అడగలేదని ఆమెకు అప్పుడు తోచింది. కడిగానన్నవాడిని అడిగింది, చూశానన్నవాడిని అడిగింది. ఇద్దరూ ఓట్లు కావలసినవాళ్లే. వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"ఉమా, ఆ ట్యాంకు ఎవురన్నా ఎక్కి చూసినారామ్మా?"

"ఎట్ల ఎక్కుతారు మా? దానికి నిచ్చెన యాడుండాది? పోయిన తుపానుకే విరిగి పడ్లా? ఆ ఇనుము గూడా ఎవురో అమ్ముకున్న్యారు."

"మరి భూషణం యాడ ఎక్కినాడు? సుభాని యాడ ఎక్కినాడు?" అంది ఓబులమ్మ.

"ఎక్కినారని నువ్వే గదమా గ్రూపులో చెప్తాండావు" అంది ఉమాదేవి. ఆ మాట ఓబులమ్మకు గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం ఉమాదేవి పాప దగ్గర అత్తను కూర్చోబెట్టి ఊరికి వచ్చింది. కరెంటు పనిచేసే రఫీ తన పొడవాటి నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. ఉమాదేవి కొంగు బిగించి ఎక్కి, పైనుంచి వీడియో కాల్ చేసింది. అభాలో ఓబులమ్మ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. ట్యాంకుకు మూత లేదు. నీళ్ల మీద పచ్చగా పాచి. అందులో చచ్చిన పావురాలు, ఒక చెప్పు, నానిపోయిన పాత ఉంగరం గుర్తు కరపత్రం. కోతి లేదు. మదాం వెనక నుంచి తొంగి చూసి, ఇది మీ దేశంలో ఏం కూర అని అడిగింది.

చెప్పే ముందు ఓబులమ్మ ఇద్దరికీ ఫోన్ చేసింది. వాళ్ల మాట వాళ్లను చెప్పుకోనివ్వాలి కదా.

"నిచ్చెన ఉన్నెప్పుడు ఎక్కినా చెల్లెలా" అన్నాడు భూషణం. ఆ వెనకే, "నీ కూతురు ఈ ఊళ్లోనే గదమ్మా కాపురం చేసేది? చూసుకోని మాట్లాడు" అన్నాడు.

"నేను చూసిన మాట నిజమేక్కా" అన్నాడు సుభాని. "కింద నించి చూసినా. కింద నించి చూస్తే కోతి మాదిరే ఉండె. మనలో మనమాట, ఓట్లు అయ్యేదాకా ఉండనీలేక్కా ఆ కోతిని."

శుక్రవారం ఓబులమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. కూతురి కాపురం గుర్తొచ్చింది, సెలైను సూది గుర్తొచ్చింది. చెప్పడం మాత్రం ఆపలేదు. "సుద్ది వినండి తల్లీ. ట్యాంకులో కోతి లేదు. చచ్చిన పావురాలు ఉండాయి. మూత లేదు. నిచ్చెన లేదు. నిచ్చెన లేనెప్పటి నించి ట్యాంకు ఎవురూ కడగలేదు, ఎవురూ ఎక్కి చూడలేదు. నిచ్చెన ఉన్నెప్పుడు ఎక్కినానని భూషణం అంటాడు. కింద నించి చూసినానని సుభాని అంటాడు. ట్యాంకును నేను చూసినా. ఆ నీళ్లు పిల్లోల్లకు తాపొద్దండి."

మొదట రహమత్బీ, "యా అల్లా, ఒక్క అంట గూడా పెట్టలేదే!" అంది. వెంటనే నస్రీన్ గ్రూపు వదిలి వెళ్లింది. నస్రీన్ వెళ్లాక తానుంటే ఉంగరం వాళ్లు ఏమనుకుంటారోనని రహమత్బీ వెళ్లింది. వాళ్ల వెనక సగం మంది వెళ్లారు. మిగిలిన సగం, వెళ్లడం ఎలాగో తెలియక ఉండిపోయారని నస్రీన్ అంటుంది.

చీరల మాట పుట్టింది ఆ వారమే. భూషణాన్ని తిట్టింది కాబట్టి సుభాని చీర పెట్టి ఉండాలి. సుభానిని తిట్టింది కాబట్టి భూషణం చీర పెట్టి ఉండాలి. ఇద్దరినీ అంది కాబట్టి ఇద్దరూ పెట్టి ఉండాలి. లెక్కలో తప్పేమీ లేదు. ఇద్దరినీ ఊరికే అనే మనిషి ఉంటుందని ఎవరికీ తోచలేదు, అంతే. ఓట్లు పడ్డాయి, ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. ఇద్దరూ ఓబులమ్మ వల్లే అన్నారు.

ఆ సుద్ది చెప్పిన శుక్రవారం పోయి సోమవారం వచ్చేసరికి, అంటే ఓట్లకు ముందే, ఉంగరం వాళ్లొక నిచ్చెన, కత్తెర వాళ్లొక నిచ్చెన తెచ్చి చెరోవైపు వేసి, పోటీపడి ట్యాంకు కడిగి మూత పెట్టారు. ఆ వారం తరువాత ఊళ్లో ఏ పిల్లకూ వాంతులు కాలేదు.